రెండో మానిటర్ కొనేముందు తూము చూసుకోండి

సంక్రాంతికి పది రోజుల ముందు అంబాజీపేట నుంచి మా పెదనాన్నగారి పెద్దబ్బాయి ఫోన్ చేశాడు. "ఏరా, రెండు మానిటర్లు తెచ్చాను, రెండిట్లోనూ ఒకటే బొమ్మ వస్తోంది, ఒకటి వెనక్కిచ్చేయమంటావా?" అని.

అన్నయ్యది కొబ్బరికాయల వ్యాపారం. లాప్‌టాప్‌లో ట్యాలీ ఒకటి, ఎక్సెల్లో లోడు లెక్కలు ఒకటి, వాట్సాప్‌లో పైఊళ్ళ నుంచి రేటు అడిగేవాళ్ళు ఇంకోటి, ఈ మూడిటి మధ్యా పొద్దున్నుంచి రాత్రిదాకా ఆల్ట్ ట్యాబ్ కొట్టుకుంటూ కూర్చుంటాడు. రెండు తెరలు పెట్టుకుంటే హాయిగా ఉంటుందని ఎవరో చెప్పారట. చెప్పినాయన తప్పేం చెప్పలేదు, నేను అమలాపురంలో ఇంట్లోంచే పని చేసుకుంటూ కొన్నేళ్ళుగా రెండు తెరల మీదే ఉన్నాను, ఇప్పుడు నన్ను ఒక్క తెర మీద పని చెయ్యమంటే ఒంటి చేత్తో కొబ్బరికాయ ఒలవమన్నట్టే ఉంటుంది. కాకపోతే ఆ చెప్పినాయన మానిటర్ సంగతి చెప్పాడు గానీ మధ్యలో దారి సంగతి చెప్పలేదు. అందరూ అక్కడే పడతారు.

వెళ్ళి చూస్తే సంగతి ఇదీ. లాప్‌టాప్‌కి ఒక హెచ్‌డీఎమ్‌ఐ, ఒక యూఎస్‌బీ సీ ఉన్నాయి. ఇలా కేబుల్ గుచ్చే నోళ్ళనే పోర్టులంటారు. అన్నయ్య ముందు ఒక హబ్, అంటే ఒక పోర్టుని నాలుగైదు పోర్టులుగా చేసే చిన్న డబ్బా, తెప్పించి సీ పోర్టుకి పెట్టాడు, అందులో ఏమీ రాలేదు. అది పనికిరాదనుకుని హెచ్‌డీఎమ్‌ఐ స్ప్లిటర్ ఒకటి తెచ్చాడు, ఒకటి లోపలికి రెండు బయటికి. అది పనిచేసింది, కానీ రెండు మానిటర్లలోనూ ఒకటే బొమ్మ. స్ప్లిటర్ చేసే పనే అది, వచ్చిన బొమ్మని జెరాక్స్ తీసి రెండు చేస్తుంది, పెళ్ళి పందిట్లో రెండు టీవీలు పెట్టి ఒకటే లైవ్ చూపిస్తారే అదన్నమాట. దానికి పైన కంప్యూటర్‌లో ఎన్ని సెట్టింగులు తిప్పినా రెండో బొమ్మ రాదు, ఎందుకంటే కంప్యూటర్‌కి అసలు అక్కడ రెండు మానిటర్లున్నట్టే తెలీదు. అన్నయ్య మాత్రం నాలుగు రోజులు తిప్పాడు పాపం.

మన డెల్టా వాళ్ళకి ఇది అర్థం చేసుకోవడం చాలా తేలిక, ఎలాగంటే కాలువలు చూసి పెరిగినవాళ్ళం కదా. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1852 నాటికి ఆనకట్ట కట్టాడు, అక్కణ్ణించి తూర్పు డెల్టాకి ఒకటి, మన కోనసీమ మధ్య డెల్టాకి ఒకటి, పశ్చిమ డెల్టాకి ఒకటి కాలువలు, వాటి నుంచి పిల్లకాలువలు, తూములు, బోదెలు, ఆఖర్న చేను. గోదారి ఎంత నిండుగా పారుతున్నా మన చేలోకి నీళ్ళెన్ని వస్తాయనేది మధ్యలో అన్నిటికన్నా ఇరుకు ఎక్కడుందో దాన్ని బట్టే. మానిటర్ అంటే చేను. కంప్యూటర్‌లో బొమ్మ తయారుచేసే గ్రాఫిక్స్ చిప్పు ఆనకట్ట. పోర్టు తూము, కేబుల్ కాలువ. మనం షాపుకెళ్ళి చేను కొనుక్కొచ్చేసి, తర్వాత నీళ్ళు రావట్లేదేంటని ఏడుస్తున్నాం.

నీళ్ళ లెక్క కూడా చూద్దాం, ఒకసారి తెలిస్తే జన్మలో మర్చిపోరు. మామూలు ఫుల్ హెచ్‌డీ తెర అంటే అడ్డంగా 1920 చుక్కలు, నిలువుగా 1080. మొత్తం దాదాపు 20 లక్షల 73 వేల చుక్కలు. ఒక్కో చుక్క రంగు చెప్పడానికి 24 బిట్లు, సెకనుకి 60 సార్లు. గుణిస్తే సెకనుకి దాదాపు 3 గిగాబిట్లు. 4కె తెర అంటే చుక్కలు సరిగ్గా నాలుగింతలు, కాబట్టి 12 గిగాబిట్ల దాకా. ఇది వట్టి బొమ్మకే, దారి ఖర్చులు వేరే. ఇక తూముల వైపు చూస్తే, హెచ్‌డీఎమ్‌ఐ 1.4 అనేదాంట్లో 4కె బొమ్మ 30 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి 30 సార్ల దగ్గర ఆగిపోతుంది, మౌస్ కదిలిస్తే బురదలో నడిచినట్టుంటుంది. 2013లో వచ్చిన 2.0 అయితే 4కె 60 హెర్ట్జ్ పడుతుంది. 2.1 అయితే ఇంకా చాలా పెద్ద తూము, ఆఫీసు పనికి అంత అక్కర్లేదు. డిస్‌ప్లేపోర్ట్ అనే ఇంకో రకం ఉంది, ఒక మూల కోసేసినట్టుంటుంది, అందులో 1.2 నుంచే 4కె 60 దర్జాగా వెళ్తుంది. పాత నీలం వీజీఏ, 15 పిన్నులది, 1987లో ఐబీఎమ్ కంప్యూటర్లతో వచ్చింది, ఇప్పటికీ మన ఊళ్ళల్లో సగం ఆఫీసులు దాని మీదే నడుస్తున్నాయి, ఫుల్ హెచ్‌డీ దాకా పర్లేదు గానీ అక్షరాలు కొంచెం మెత్తబడతాయి.

పట్టుకోవాల్సిందేంటంటే కంప్యూటర్ పోర్టు, కేబులు, మధ్యలో కన్వర్టర్, మానిటర్ పోర్టు, ఈ నాలుగిట్లో ఏది తక్కువ రకమో దాని స్థాయే మీకొస్తుంది. మూడు కొత్తవై ఒక కేబుల్ ఎప్పటిదో పాత సెట్‌టాప్ బాక్సుతో వచ్చినదైతే ఆ కేబులే మీ కొత్త మానిటర్ని వెనక్కి లాగుతుంది. మామూలు ఫుల్ హెచ్‌డీ మానిటర్లయితే మాత్రం ఈ గోలేం లేదు, 3 గిగాబిట్లు ఏ తూములోంచైనా పారతాయి. అన్నయ్య లాంటివాళ్ళకి నేను చెప్పేది అందుకే, ట్యాలీకి 4కె ఎందుకు, రెండు మామూలు 24 అంగుళాలవి తెచ్చుకుంటే సరి.

కన్వర్టర్ల దగ్గర ఇంకో తిరకాసు. డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎమ్‌ఐకి మార్చేవి చవగ్గా దొరుకుతాయి, చాలావాటికి పనిచేస్తాయి కూడా, ఎందుకంటే ఆ పోర్టుకే హెచ్‌డీఎమ్‌ఐ భాష కూడా వచ్చు. కానీ కంప్యూటర్‌లో హెచ్‌డీఎమ్‌ఐ, మానిటర్‌కి డిస్‌ప్లేపోర్ట్ ఉన్నప్పుడు అదే కేబుల్ తిరగేసి పెడితే ఏమీ రాదు. కాలువ నీళ్ళు ఎదురెక్కవు కదా, ఎక్కించాలంటే మోటారు పెట్టాలి. అలాగే ఇటువైపుకి లోపల చిప్పు ఉండి విడిగా యూఎస్‌బీ కరెంటు తీసుకునే కన్వర్టర్ కావాలి. భీమవరంలో మా బావగారు రొయ్యల మేత డీలరు, ఆయన ఈ కేబుల్ రెండుసార్లు తిరగేసి పెట్టి రెండుసార్లూ షాపువాణ్ణి తిట్టొచ్చారు. షాపతను "ఆయ్, మార్చిస్తానండి" అని ఇంకో అలాంటిదే ఇచ్చాడు, అతనికీ తెలీదు.

యూఎస్‌బీ సీ అనే మాయాబజారు

అన్నయ్య హబ్ ఎందుకు పనిచెయ్యలేదో ఇప్పుడు చెప్తాను. యూఎస్‌బీ సీ అనేది కేవలం ఆకారం పేరు, పైనా కిందా ఒకేలా ఉండే ఆ చిన్న కోలపాటి నోరు. ఆ నోట్లోంచి ఏమేం వస్తాయనేది కంపెనీ ఇష్టం. కొన్నిట్లో ఛార్జింగ్, డేటా మాత్రమే, కొన్నిట్లో బొమ్మ కూడా వస్తుంది. బొమ్మ రావాలంటే ఆ పోర్టుకి డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ అనే సౌకర్యం ఉండాలి, లేదా అదే ఆకారంలో ఉండే థండర్‌బోల్ట్ అనే వేగం రకం అయ్యుండాలి. చవక లాప్‌టాప్‌లలో చాలావాటికి ఉండదు. అన్నయ్యదానికీ లేదు. మన వీధిలో అన్ని ఇళ్ళకీ పంచాయతీ కుళాయిలు ఒకేలా బిగించారు కానీ కొన్నిటికి వెనక పైపే లేదు, అలాగన్నమాట, కుళాయి తిప్పితే గాలి వస్తుంది.

తెలుసుకోవడం ఎలాగంటే పోర్టు పక్కన పి, డి కలిపి రాసినట్టు చిన్న గుర్తు గానీ మెరుపు గుర్తు గానీ ఉందేమో చూడండి. గుర్తు లేనంత మాత్రాన సౌకర్యం లేదని కాదు, కొన్ని కంపెనీలు గుర్తు వెయ్యవు, అందుకని లాప్‌టాప్ వెనక మోడల్ నంబర్ చూసి కంపెనీ సైట్లో స్పెసిఫికేషన్ కాయితం తీసి ఆ పోర్టు వరస చదవాలి. బద్ధకం వెయ్యచ్చు గానీ ఆ రెండు నిమిషాలు హబ్ డబ్బుల్ని కాపాడతాయి. థండర్‌బోల్ట్ 4 అని రాసుంటే ఇక ఆలోచించక్కర్లేదు, 4కె తెరలు రెండు నడపగలిగితేనే ఆ పేరు పెట్టుకోనిస్తారు.

సరే పోర్టులో బొమ్మ వస్తుంది, హబ్ కూడా మంచిదే, అయినా 4కె మానిటర్ 30 హెర్ట్జ్ దగ్గరే కొట్టుకుంటోంది అని కొందరు అడుగుతారు. అది హబ్ లోపం కాదు, పంపకం. సీ పోర్టులో వేగంగా పరిగెత్తే వరసలు నాలుగే ఉంటాయి. ఆ హబ్‌కి వేగం పెన్‌డ్రైవ్ పోర్టులు కూడా ఉంటే రెండు వరసలు వాటికి పోతాయి, బొమ్మకి రెండే మిగులుతాయి. కాలువ సగం చేపల చెరువులకి మళ్ళిస్తే వరి చేలకి సగమే వచ్చినట్టు. పాత డిస్‌ప్లేపోర్ట్ 1.2 వేగంలో ఆ సగానికి 8.64 గిగాబిట్లే పడతాయి, 4కె 60కి 12 కావాలి కదా, అందుకని దానంతట అదే 30కి దిగిపోతుంది. లాప్‌టాప్, హబ్ రెండూ డిస్‌ప్లేపోర్ట్ 1.4 రకమైతే ఆ సగం దారిలోనే 60 వచ్చేస్తుంది.

ఒక పోర్టులోంచి రెండు వేర్వేరు బొమ్మలు తీసే పద్ధతి కూడా ఉంది, దాని పేరు ఎమ్‌ఎస్‌టీ. నాకు ఇందులో నచ్చిన సంగతేంటంటే అది అచ్చం మన దాళ్వా (రెండో పంట) వంతుల పద్ధతి. నీళ్ళు తక్కువైనప్పుడు ఇంజినీర్లు ఈ పూట ఈ కాలువకి, ఆ పూట ఆ కాలువకి అని వంతులేస్తారు కదా, ఇక్కడ కూడా ఒక దారిలో పారేదాన్ని 64 గళ్ళుగా కోసి ఈ గళ్ళు మొదటి తెరకి, ఈ గళ్ళు రెండో తెరకి అని పంచేస్తారు. ఫుల్ హెచ్‌డీ తెరలైతే రెండు మూడు సుఖంగా సరిపోతాయి, రెండూ 4కె అయితే పాత డిస్‌ప్లేపోర్ట్ 1.2లో శివారు రైతుకి నీళ్ళందవు. కొన్ని మానిటర్లకి వెనక డిస్‌ప్లేపోర్ట్ అవుట్ అని ఉంటుంది, కంప్యూటర్ నుంచి మొదటి మానిటర్‌కి, అక్కణ్ణించి రెండోదానికి గొలుసులాగా కలుపుకోవచ్చు, అది కూడా ఇదే. ఒకటే మెలిక, మ్యాక్‌లో ఈ వంతులు నడవవు. యంత్రం లోపల సత్తా ఉన్నా మ్యాక్ ఓఎస్ దాన్ని ఒప్పుకోదు, రెండు తెరల్లోనూ ఒకటే బొమ్మ చూపిస్తుంది, అన్నయ్య స్ప్లిటర్ లాగే.

మ్యాక్ మాట వచ్చింది కాబట్టి, ఇక్కడ ఆనకట్ట దగ్గరే పరిమితి ఉంటుంది. మామూలు ఎమ్1, ఎమ్2 చిప్పులున్న మ్యాక్‌బుక్‌లు బయట ఒక్క మానిటర్నే నడుపుతాయి, ఎన్ని పోర్టులున్నా సరే. ఎమ్3 ఎయిర్ అయితే మూత మూసేస్తే రెండు. ఎమ్4 ఎయిర్ నుంచి మూత తెరిచే ఉంచి రెండు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ పండక్కొచ్చిన పిల్లలు ఎవరైనా మీ ఇంట్లో మ్యాక్ పెట్టుకుని రెండో మానిటర్ రావట్లేదని గింజుకుంటుంటే ముందు ఏ చిప్పో అడగండి. విండోస్ లాప్‌టాప్‌లలో ఈ బాధ తక్కువ, ఇంటెల్ లోపలి గ్రాఫిక్స్ చాలాకాలంగా మూడు తెరలు నడుపుతోంది, 11వ జనరేషన్ లాప్‌టాప్ చిప్పుల నుంచి నాలుగు. లాప్‌టాప్ సొంత తెర కూడా ఆ లెక్కలోదే.

మరి అన్నయ్యకి ఏం చేశాం? ఒక మానిటర్ హెచ్‌డీఎమ్‌ఐకి నేరుగా పెట్టాం. రెండోదానికి బొమ్మ వచ్చే పోర్టే లేదు కాబట్టి డిస్‌ప్లేలింక్ అడాప్టర్ ఒకటి తెప్పించాం. ఇది కాలువ కాదు, ట్యాంకరు. కంప్యూటర్ తన ప్రాసెసర్‌తోనే బొమ్మని కుదించి, మూటకట్టి, మామూలు యూఎస్‌బీ డేటా లాగా పంపుతుంది, అడాప్టర్‌లో ఉన్న చిప్పు ఆ మూట విప్పి మానిటర్‌కి ఇస్తుంది. అందుకే బొమ్మ రాని యూఎస్‌బీ పోర్టులోంచి కూడా ఇది పనిచేస్తుంది, ఎమ్1 మ్యాక్‌లో కూడా. కాకపోతే డ్రైవర్ వేసుకోవాలి, ప్రాసెసర్ మీద కొంచెం బరువు పడుతుంది, గేములకి పనికిరాదు, ఓటీటీలో సినిమా పెడితే తెర నల్లగా ఉండిపోవచ్చు ఎందుకంటే కాపీ కొట్టకుండా పెట్టే తాళం ఈ దారిని నమ్మదు. ట్యాలీ, ఎక్సెల్, వాట్సాప్‌కి మాత్రం బ్రహ్మాండం. యూఎస్‌బీ నుంచి హెచ్‌డీఎమ్‌ఐ అని అమ్మేవన్నీ ఇవే అనుకోకండి, సీ పోర్టు నుంచి తీసేవాటిలో ఎక్కువ ఆల్ట్ మోడ్ వే, డబ్బా మీద డిస్‌ప్లేలింక్ అన్న మాట ఉందో లేదో చూసి తీసుకోండి.

డెస్క్‌టాప్ వాళ్ళకి ఒక్క ముక్క. గ్రాఫిక్స్ కార్డు విడిగా వేసుకున్నాక కేబుళ్ళు దానికే పెట్టాలి, పైన మదర్‌బోర్డు పోర్టుకి కాదు. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే దానికి లోపలి గ్రాఫిక్స్ ఉండదు, ఆ మదర్‌బోర్డు హెచ్‌డీఎమ్‌ఐ ఉత్త అలంకారం.

తెర వచ్చాక మొదలయ్యే గొడవలు

రెండూ వెలిగాక విండోస్ బటన్ పట్టుకుని పి నొక్కితే నాలుగు మాటలు వస్తాయి, అందులో ఎక్స్‌టెండ్ ఎంచుకోవాలి. డూప్లికేట్ అనేది ప్రొజెక్టర్ వాళ్ళకి. తర్వాత డిస్‌ప్లే సెట్టింగుల్లో ఒకటి, రెండు అని గళ్ళు కనిపిస్తాయి, వాటిని బల్ల మీద మానిటర్లు ఎలా ఉన్నాయో అలాగే జరిపి పెట్టాలి. దీన్ని చాలామంది వదిలేస్తారు, తర్వాత ఎడం పక్క తెరలోకి వెళ్ళాలంటే మౌస్‌ని కుడి వైపు తోయాల్సి వస్తుంది, మెదడు అడ్డం తిరుగుతుంది. గళ్ళ పైఅంచులు కూడా సరిపోవాలి, లేకపోతే మౌస్ ఒక చోట గట్టుకి తగులుకున్నట్టు ఆగిపోతుంది.

ఇంకోటి, రెండు తెరల మీద అక్షరం సైజు ఒకేలా ఉండదు. 15.6 అంగుళాల లాప్‌టాప్‌లో అంగుళానికి 141 చుక్కలు, అదే ఫుల్ హెచ్‌డీ 24 అంగుళాల మానిటర్లో 92. చుక్కలు అవే, పరిచిన నేల పెద్దది. అందుకే లాప్‌టాప్‌కి స్కేల్ 125 లేదా 150 శాతం, మానిటర్‌కి 100 పెట్టుకుంటే రెండిట్లో ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. కొన్ని పాత సాఫ్ట్‌వేర్లు ఈ తేడా తెలీక ఒక తెర నుంచి ఇంకోదానికి లాగగానే మసకబారతాయి, వాటిని ఏ తెర మీద తెరిచారో అక్కడే ఉంచెయ్యడం తప్ప నాకు తెలిసిన మంచి మందు లేదు.

మానిటర్ బదులు ఇంట్లో ఉన్న 43 అంగుళాల టీవీ పెట్టేద్దాం అనుకునేవాళ్ళు ఉన్నారు, నేనూ ఒక నెల చేశాను. సినిమాకి బాగుంటుంది, తెలుగు చదవడానికి మాత్రం కళ్ళు పోతాయి. ఎందుకో చెప్తాను. టీవీలు చాలాసార్లు వెలుగు ప్రతి చుక్కకీ విడిగా తీసుకుంటాయి గానీ రంగు మాత్రం నాలుగు చుక్కలకి కలిపి ఒకటే తీసుకుంటాయి, దారి ఆదా అవుతుందని. మొహాలకీ, ఆకాశానికీ తేడా తెలీదు. కానీ మన అక్షరాలకి పైన తలకట్టో గుడో, కింద వత్తు, స్త్రీ అనే ఒక్క అక్షరంలో ఎన్ని మెలికలున్నాయో చూడండి, ఇంగ్లీషు ఐ లాగా ఒక గీతతో అయిపోదు. నల్ల మీద ఎర్ర రంగులో తెలుగు పెడితే వత్తులన్నీ జామ్ రాసినట్టు అయిపోతాయి. ఫ్లెక్సీ డిజైన్ చేసే ఒక కుర్రాడు ఇలాంటి టీవీలో చూసి మ వత్తా య వత్తా తెలీక పెళ్ళికొడుకు పేరే తప్పు ప్రింట్ చేశాడు, అది ముఖద్వారం దాకా వచ్చాకే ఎవరో చూశారు. టీవీయే పెట్టుకోవాలంటే టీవీ మెనూలో ఆ హెచ్‌డీఎమ్‌ఐ ఇన్‌పుట్‌కి పీసీ అని పేరు మార్చండి, చాలా టీవీలు దానితో దారిలోకి వస్తాయి. అంచులు తెగిపోతుంటే జస్ట్ స్కాన్ అనో స్క్రీన్ ఫిట్ అనో ఉంటుంది, అది పెట్టండి. గ్రాఫిక్స్ సెట్టింగులో రంగు ఆర్‌జీబీ అని ఉందో లేదో చూడండి. ఇవన్నీ చేసినా నేను మాత్రం మళ్ళీ మానిటర్‌కే వచ్చేశాను.

రోజూ పనికొచ్చే బటన్లు మూడే. విండోస్, షిఫ్ట్, బాణం గుర్తు కలిపి నొక్కితే ఎదురుగా ఉన్న విండో పక్క తెరలోకి గెంతుతుంది. విండోస్, బాణం అయితే సగం తెరకి అతుక్కుంటుంది. మానిటర్ తీసేశాక ఏదో విండో కనపడకుండా పోతే దాన్ని టాస్క్‌బార్‌లో ఎంచుకుని ఆల్ట్, స్పేస్ నొక్కి తర్వాత ఎమ్ నొక్కి, ఒకసారి బాణం నొక్కి మౌస్ కదిపితే తప్పిపోయిన దూడ లాగా దానంతట అదే వచ్చేస్తుంది.

ఎక్కడ పెట్టాలి అనేదానికి నా అభిప్రాయం గట్టిదే. రెండూ సమానంగా చూసేవాళ్ళు చాలా తక్కువ. అన్నయ్య ట్యాలీ రోజుకి ఎనిమిది గంటలు చూస్తాడు, వాట్సాప్ మధ్యమధ్యలో. అలాంటప్పుడు రెండిటి మధ్య కీలు ముక్కుకి ఎదురుగా పెట్టుకుంటే రోజంతా మెడ ఒక పక్కకే తిరిగి ఉంటుంది. ఎక్కువ చూసేది తిన్నగా ఎదురుగా, రెండోది పక్కన కొంచెం లోపలికి తిప్పి. పైఅంచు కంటికి సమానంగా లేదా ఒకింత కిందకి, చెయ్యి చాపితే వేళ్ళు తగిలేంత దూరం. అన్నయ్య స్టాండు ఎత్తు చాలక కింద నాలుగు పాత ఖాతా పుస్తకాలు పెట్టాడు, అదేం తప్పు కాదు, గట్టిగా ఉంటే చాలు. బల్లకి బిగించే చెయ్యి (మానిటర్ ఆర్మ్) కొనుక్కునేవాళ్ళు మానిటర్ వెనక నాలుగు మర కన్నాల మధ్య దూరం కొలవండి, 75 గానీ 100 గానీ మిల్లీమీటర్లు ఉండాలి, కొన్ని చవక మానిటర్లకి అసలు కన్నాలే ఉండవు. అద్దం బల్లకి బిగించకండి.

ఇక మన ప్రాంతం గొడవ. కరెంటు పోతుంది, వస్తుంది. లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది కాబట్టి దానికేం కాదు, మానిటర్లు మాత్రం ఆరిపోయి వెలుగుతాయి. అప్పుడు చిత్రం జరుగుతుంది, ఆరిన మానిటర్ని కంప్యూటర్ పీకేశారనుకుంటుంది, ముఖ్యంగా డిస్‌ప్లేపోర్ట్ లో, విండోలన్నీ లాప్‌టాప్ తెర మీద ఒకదాని మీద ఒకటి కుప్ప పడతాయి. విండోస్ 11లో మానిటర్ని బట్టి విండోల చోటు గుర్తుపెట్టుకో అని ఒక టిక్కు ఉంది, మల్టిపుల్ డిస్‌ప్లేస్ కింద, అది పెడితే చాలావరకు మళ్ళీ సర్దుకుంటాయి. ఇంకా మంచి మందు మానిటర్లని కూడా చిన్న యూపీఎస్ మీద పెట్టడం. 24 అంగుళాల ఎల్‌ఈడీ మానిటర్ తినేది 20, 25 వాట్లే, రెండూ కలిపి పాత బల్బు ఒకటి వెలిగించినంత. మామూలు 600 వీఏ యూపీఎస్ నవ్వుతూ మోస్తుంది.

లాప్‌టాప్ మీద చెయ్యి పెడితే చీమలు పాకినట్టు జివ్వుమంటోందంటే ఇంటి ఎర్తింగ్ చూపించుకోండి. రెండు మానిటర్లు, ఛార్జరు, కేబుళ్ళ ఇనప తొడుగులన్నీ ఒకదానికొకటి కలిసుంటాయి కాబట్టి ఒక దాంట్లో లీకయ్యేది అన్నిటికీ పాకుతుంది. ఉరుములు మొదలైతే స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్గు పీకెయ్యాలి, ఇంటర్నెట్ వైరు కూడా. సముద్రం దగ్గర ఊళ్ళ వాళ్ళకి ఇంకో బాధ, ఉప్పు గాలికి పిన్నులు మెల్లగా మసకబారి బొమ్మ మినుకు మినుకుమంటుంది, కొత్త కేబుల్ కొనేముందు ఒకసారి పీకి మళ్ళీ గట్టిగా గుచ్చి చూడండి, సగం సార్లు అదే మందు.

అన్నయ్యది అంతా సర్దేసి కాఫీ తాగుతుంటే "ఏరా, మూడోది కూడా పెడదామా, గోడౌన్ కెమెరాలు చూసుకోడానికి?" అన్నాడు. ఇంకో డిస్‌ప్లేలింక్ కొనేస్తాడేమోనని భయమేసి గోడౌన్లోకి వెళ్ళి కెమెరాల రికార్డింగు దాచే డీవీఆర్ డబ్బా వెనక్కి తిప్పి చూశాను. దానికే సొంతంగా ఒక వీజీఏ, ఒక హెచ్‌డీఎమ్‌ఐ ఉన్నాయి, కంప్యూటర్‌తో పనే లేదు. అటక మీద దుమ్ము కొట్టుకున్న పాత 19 అంగుళాల మానిటర్ దింపి, నీలం కేబుల్ బిగించి, స్విచ్ వేశాం. కాయలు ఒలుస్తున్న కూలీలు ముందు ఆ తెరలో తమని తాము చూసుకుని నవ్వారు, తర్వాత ఒకాయన తువ్వాలు తలపాగా సరిచేసుకున్నాడు.